టీవీలో ఒక్క రోజులో గౌను కుట్టేస్తారు, అది నిజమేనా?

రావులపాలెం నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆమెది బీకాం ఆఖరి ఏడాది. ఏడాదిగా పక్కింటి ఆంటీ దగ్గర జాకెట్లు నేర్చుకుంటోంది. డిజైనర్లకి కుట్టు పందేలు పెట్టే అమెరికా టీవీ ప్రోగ్రామ్ ప్రాజెక్ట్ రన్‌వే నాలుగో సీజన్ మొత్తం వరసగా చూసిందట. "వాళ్ళు ఒక్క రోజులో గౌను కుట్టేస్తున్నారు, నాకు ఒక్క లైనింగ్ జాకెట్‌కే రెండు రోజులు పడుతోంది. వాళ్ళది నిజమా, టీవీ మాయా? నేను ఈ లైనుకు పనికొస్తానా? ముందు డిజైనింగ్ కోర్సులో చేరాలా, కుట్టు బాగా నేర్చుకోవాలా?"

నిజమేనమ్మా. ఒక్క రోజులో గౌను అవుతుంది. నేనూ కుట్టాను. అయితే ఆ గౌను ర్యాంప్ మీద నాలుగు అడుగులు నడిచి వస్తే చాలు. మనం కుట్టింది పెళ్ళిలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఒంటి మీద ఉండాలి, ఉతుక్కి ఆగాలి, రెండేళ్ళ తర్వాత ఒళ్ళొస్తే విప్పుకోవడానికి లోపల గుడ్డ ఉండాలి. రెండూ గౌన్లే కానీ పని ఒకటి కాదు. ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు: ముందు కుట్టు, ఆ తర్వాతే కోర్సు. ఎందుకో ఆ సీజన్‌లోనే కనబడుతుంది.

నాది నర్సాపురం. షాపు పెట్టి 24 ఏళ్ళయింది. కటింగ్ అంతా నాదే, కుట్టడానికి నాతో పాటు ఇద్దరు అమ్మాయిలున్నారు. ఊళ్ళో గిరాకీ కంటే పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి, రాజోలు వైపు నుంచి వచ్చే గిరాకీయే ఎక్కువ. ఈ సీజన్ మా అమ్మాయి లాప్‌టాప్‌లో చూపించింది. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. మొదటిసారి తను చెబుతుంటే విన్నాను. రెండోసారి సౌండ్ తీసేసి చేతులు మాత్రమే చూశాను. మీరూ ఒకసారి అలా చూడండి. ఏడుపులు, దెప్పిపొడుపులు పోయి, ఎవరికి పని వచ్చో ఎవరికి రాదో ఇట్టే తెలిసిపోతుంది.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది అమెరికాలో బ్రావో ఛానెల్‌లో 2007 నవంబరు నుంచి 2008 మార్చి వరకు వచ్చింది. న్యూయార్క్‌లో పార్సన్స్ అనే డిజైన్ కాలేజీలో వర్క్‌రూమ్. పదిహేనుమంది డిజైనర్లు. హైడీ క్లుమ్ యాంకర్, టిమ్ గన్ గురువుగారి పాత్ర, మైకేల్ కోర్స్, నీనా గార్సియా జడ్జీలు. వారానికో పందెం పెడతారు. మూడ్ అనే పెద్ద బట్టల షాపుకి తీసుకెళ్ళి, ఇంత డబ్బు, ఇంత టైము అని కట్టడి చేస్తారు. అన్నిటికంటే అడుగున ఉన్నవాళ్ళు ఇంటికి. చివరికి క్రిస్టియన్ సిరియానో అనే కుర్రాడు గెలిచాడు. షూటింగ్ నాటికి అతనికి 21 ఏళ్ళు.

ఇప్పుడు ఆ ఒక్క రోజు సంగతి. వాళ్ళకు చాలా వారాలు సన్నగా పొడుగ్గా ఉండే మోడలే ఉంటుంది. ఒళ్ళు తెలిసిపోయి ఉంటుంది, గుడ్డ తొడిగి చూసుకోవడానికి పక్కన బొమ్మ ఉంటుంది. మన దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒక భుజం కిందికి వాలినవాళ్ళుంటారు, కాన్పు తర్వాత రెండు నెలలకే కొలతలిచ్చేవాళ్ళుంటారు, నాలుగేళ్ళ కిందటి ఆది జాకెట్టు పంపి "దీనికంటే కొంచెం లూజు" అనేవాళ్ళుంటారు. ఆ "కొంచెం" అంటే అరంగుళమా, రెండంగుళాలా అన్నది కనుక్కోవడమే సగం పని.

తర్వాత గుడ్డ. కాటన్ లైనింగ్‌ని నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాక గానీ నేను కత్తెర పెట్టను. తడపకుండా పెట్టానంటే మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోయి పైగుడ్డ ఉబ్బెత్తుగా నిలబడుతుంది. వానాకాలంలో మన గోదావరి గాలికి అది ఆరడానికే ఒక పూట పోతుంది. టీవీలో లైనింగ్ తడిపినవాళ్ళు నాకెవరూ కనబడలేదు. వాళ్ళకు అవసరమూ లేదు, ఆ గౌను ఎవరూ ఉతకరు.

నేను ఒక్క రోజులో కుట్టానన్నాను కదా, దాని కథ చెబుతాను. ఏడెనిమిదేళ్ళ కిందట ఒక తల్లీకూతురూ మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చారు. మర్నాడు చిన్నమ్మాయికి ఓణీల ఫంక్షన్, పెద్దమ్మాయికి జార్జెట్‌లో అంబ్రెల్లా ఫ్రాక్ కావాలి, సాయంత్రం పంటుకి తీసుకెళ్ళిపోవాలి. కుదరదని ఒక మాట అంటే సరిపోయేది. అనలేదు. నడుము 28. దాన్ని 6.28తో భాగిస్తే దాదాపు నాలుగున్నర. మడతపెట్టిన గుడ్డ మూల నుంచి నాలుగున్నర అంగుళాలకు ఒక గుండ్రం, అక్కణ్నుంచి పొడవుకి ఇంకో గుండ్రం గీసి కత్తిరించాను. అయిదింటికల్లా పైభాగం, చేతులు, జిప్పు, కింద అంచు మడిచి పీకో, ఇస్త్రీ అన్నీ అయిపోయాయి. నా స్పీడు చూసి నేనే మురిసిపోయాను.

మర్నాడు రాత్రి ఆవిడ ఫోటోలు పంపింది. ముందు వైపు అంచు సరిగ్గా చీలమండ మీద ఉంది. పక్కలకి వచ్చేసరికి అంగుళంన్నర కిందికి జారిపోయింది. అమ్మాయి ఒక చేత్తో ఫ్రాక్ ఎత్తిపట్టుకునే అన్ని ఫోటోల్లోనూ నిలబడింది.

ఇది ఎందుకవుతుందంటే, గుడ్డలో దారాలు నిలువూ అడ్డం ఉంటాయి. గుండ్రంగా కత్తిరించినప్పుడు నాలుగు చోట్ల గుడ్డ క్రాస్‌లో, అంటే దారాలకు ఏటవాలుగా, పడుతుంది. క్రాస్‌లో ఉన్నచోట బరువుకి సాగుతుంది, నిలువు దారం ఉన్నచోట సాగదు. జార్జెట్, షిఫాన్ అయితే మరీ. అందుకే అంబ్రెల్లా కట్ ఏదైనా నడుము కుట్టేశాక హ్యాంగర్‌కి ఒక రాత్రంతా వేలాడదీసి, పొద్దున్న మళ్ళీ కొలిచి, జారినంతా కత్తిరించి, అప్పుడు అంచు మడవాలి. ఇది నాకు తెలియక కాదు, టైము లేక వదిలేశాను. తర్వాత ఊరికే సరిచేసి ఇచ్చాను. ఆవిడ మళ్ళీ వచ్చింది కానీ, వచ్చినప్పుడల్లా ఆ ఫోటో గుర్తుచేస్తుంది. పోటీలో మాత్రం కుట్టు అవగానే మోడల్ నడిచేస్తుంది. జారడానికి గుడ్డకు టైమే ఉండదు.

అలాగని ఆ పోటీ ఉత్తిదే అనుకోకండి. ఆ సీజన్‌లో నాకు బాగా నచ్చినవి మూడు వారాలు. మూడూ మన పనికి దగ్గరగా ఉన్నవే.

మొదటిది మగవాళ్ళ బట్టల వారం. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి టీవీలోకి వచ్చిన టికీ బార్బర్ అనే ఆయనకు డ్రెస్ కుట్టమన్నారు. అంతవరకు ఆడవాళ్ళ గౌన్లతో చెలరేగిపోయినవాళ్ళకి చెమటలు పట్టాయి. కార్మెన్ అనే ఆవిడకు షర్టు పూర్తి కాక, కోటు కింద ఒక గుడ్డముక్క చుట్టి మోడల్‌ని పంపింది. ఆ వారమే ఇంటికి వెళ్ళిపోయింది. మా ఇంట్లో నవ్వుకున్నాం గానీ నాకు కొంచెం భయం కూడా వేసింది, ఎందుకంటే నాకూ షర్టు రాదు. పెళ్ళికొడుకుల షర్టులన్నీ మా వీధి చివర మాస్టారికి పంపేస్తాను. కాలర్‌కి బక్రం (లోపల వేసే గట్టి గుడ్డ) అతికించడం, కాలర్ కొసలు రెండూ ఒకేలా తిరగేయడం, కఫ్, ముందు పట్టీ, భుజం ముక్క, వీటిలో ఏదీ బొమ్మ గీస్తే రాదు. పదిసార్లు చెడగొడితే గానీ చేతికి రాదు. ఆ వారం గెలిచింది మగవాళ్ళ బట్టల్లో ముందే చెయ్యి తిరిగిన జాక్. ఇందులో ఆశ్చర్యం ఏముంది!

రెండోది పాత బట్టల వారం. బాగా సన్నబడిన ఆడవాళ్ళు తమ పాత బట్టలు తెచ్చారు, వాటినే కొత్త డ్రెస్సులుగా మార్చాలి. స్టీవెన్ అనే డిజైనర్ వాటాకి పెళ్ళి గౌను వచ్చింది. అంత గుడ్డతో ఏం చేయాలో పాలుపోక, నల్లగుడ్డతో ఒక డ్రెస్ కుట్టి, పెళ్ళి గౌనుని పైపైన ఎక్కడో కాస్త వాడాడు. ఇంటికి పంపేశారు. ఆ బాధ నాకు అర్థమైంది. నెలకు ఇద్దరు ముగ్గురైనా అమ్మ పెళ్ళి పట్టుచీర తెచ్చి లంగావోణీయో లాంగ్ ఫ్రాకో కుట్టమంటారు. ముప్పై ఏళ్ళు బీరువాలో ఒకే మడత మీద ఉన్న పట్టు ఆ మడత దగ్గర చిరుగుతుంది. నేను ముందు చీరని వెలుతురుకి ఎత్తి పట్టుకుని మడతలన్నీ చూస్తాను. తర్వాత మడత దగ్గర రెండు వేళ్ళతో మెల్లిగా లాగుతాను. చిటపటమని చిన్న శబ్దం వచ్చిందా, ఆ భాగం బరువు పడే చోట వేయను. అంచు తీసి కొత్త గుడ్డ మీద వేస్తాను, లేదా వెనకంతా పల్చటి కాటన్ వేసి కుడతాను. కొందరికి "దీన్ని కత్తిరించకండి, చీరగానే దాచుకోండి" అని చెప్పి పంపేసిన రోజులూ ఉన్నాయి. గిరాకీ పోతుంది, అయినా చెబుతాను.

మూడోది ప్రామ్ వారం. అంటే అక్కడ స్కూలు పిల్లలకు ఫేర్‌వెల్ పార్టీ లాంటిది. టీనేజ్ అమ్మాయిలు తల్లుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఇది చూస్తుంటే మా షాపులో మే నెల చూసినట్టే ఉంది! అమ్మాయి ఒకటి అంటుంది, తల్లి ఇంకోటి అంటుంది, ఇద్దరూ కలిసి మన మొహం చూస్తారు. చివరికి కప్పు కొట్టిన క్రిస్టియన్ ఈ వారంలోనే దాదాపు ఇంటికి వెళ్ళినంత పని చేశాడు. తన వాటాకి వచ్చిన అమ్మాయి చెప్పినవన్నీ ఒకే గౌనులో పెట్టబోయి ఏదీ కుదరలేదు. నా పద్ధతేమిటంటే, ఫోన్‌లో పది ఫోటోలు చూపిస్తే వాటిలో ఒక్క మెడ, ఒక్క చెయ్యి మాత్రమే ఎంచుకోమంటాను. ఎంచుకున్నది చీటీ మీద బొమ్మ గీసి, పక్కన తల్లి చేత పేరు రాయిస్తాను. ఆ చీటీ వల్ల తప్పిన గొడవలు ఇన్నీ అన్నీ కావు.

క్రిస్టియన్ ఎందుకు గెలిచాడంటే, నా లెక్కలో చెయ్యి వేగం వల్లే. పోటీకి ముందే లండన్‌లో వివియెన్ వెస్ట్‌వుడ్, అలెగ్జాండర్ మెక్వీన్ అనే పేరున్న డిజైనర్ల దగ్గర ఇంటర్న్‌గా చేసి వచ్చాడు. మిగతావాళ్ళు చివరి నిమిషంలో అంచులు మడుస్తుంటే అతను పని ముగించుకుని తిరుగుతుండేవాడు. పోటీలో ఉన్న జిలియన్ పనితనం అతనికేమీ తీసిపోదు, కానీ ఆమెకి ఎప్పుడూ టైము చాలేది కాదు. ఇంకో డిజైనర్ రామీ చేతిలో గుడ్డ కుచ్చిళ్ళు నీళ్ళలా జారేవి, అయితే ప్రతి వారం ఆ డ్రేపింగే చేస్తున్నాడని జడ్జీలు సణిగేవారు. (చీర కట్టు చూస్తూ పెరిగినవాళ్ళం, మనకు మాత్రం రామీయే ఎక్కువ నచ్చుతాడు. మా అమ్మాయికీ నాకూ దీని మీద రెండు రోజులు వాదన జరిగింది.) ఈ ముగ్గురూ 2008 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఫ్యాషన్ వీక్ జరిగిన బ్రయంట్ పార్క్‌లో ఫైనల్ కలెక్షన్లు చూపించారు. క్రిస్టియన్‌వి ఎక్కువగా నలుపు, కుచ్చులు, ఈకలు, పెద్ద పెద్ద టోపీలు. ఆ రోజు గాయని విక్టోరియా బెక్‌హామ్ గెస్ట్ జడ్జి.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆ ఫైనల్ కలెక్షన్లు ఒక్క రోజులో కుట్టినవి కావు. వాళ్ళని ఇళ్ళకు పంపి, నెలల తరబడి టైమిచ్చి కుట్టించారు. అసలు ఫ్యాషన్ వీక్‌లో పెట్టే బట్టల దగ్గరికొచ్చేసరికి ఆ ప్రోగ్రామ్‌వాళ్ళే ఒక్క రోజు పందెం పక్కన పెట్టేశారు. మీ జాకెట్‌కి రెండు రోజులు పడుతోందని సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మా ఊరి లేసు గురించి ఒక మాట అనకుండా ఉండలేను. టీవీలో డిజైనర్ షాపుకి వెళ్ళి రీలు మీంచి రెండు గజాల లేసు కోయించుకుని నిమిషంలో బయటికొస్తాడు. మా నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని కొక్కెం సూదితో అల్లే లేసు అలా రాదు. జాకెట్ వీపుకి అరచేయంత పువ్వు ఒకటి అల్లించాలంటే నేను వారం ముందు చెబుతాను. అల్లే ఆవిడకి వంట, పిల్లలు, పాడి అన్నీ అయ్యాక మిగిలిన టైములో అల్లాలి కదా. ఆ పువ్వుకి రేటు బేరమాడే కస్టమర్లకు ఒకసారి సూది చేతికిచ్చి నాలుగు గొలుసులు వేయమన్నాను. తర్వాత బేరం ఆగింది.

కోర్సు సంగతికి వద్దాం. మీది బీకాం కాబట్టి నిఫ్ట్‌లో (కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ) ఎం.డిజైన్‌కి రాయొచ్చు, ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది. హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది. ఇంటర్ అయినవాళ్ళు రాసే బి.డిజైన్‌లో సిట్యుయేషన్ టెస్ట్ అని ఒకటుంటుంది. కొన్ని వస్తువులు ముందు పెట్టి, వాటితో ఇచ్చిన టైములో ఒక మోడల్ తయారుచేయమంటారు. చూస్తే ఆ సీజన్‌లో హెర్షీస్ చాక్లెట్ షాపులోకి వదిలి, అక్కడ దొరికినవాటితో డ్రెస్ చేయమన్న వారమే గుర్తొస్తుంది. ఆ వారం రామీ గెలిచాడు, జిలియన్ ఏకంగా ట్విజ్లర్స్ అనే తీపి పుల్లలతో డ్రెస్ చేసేసింది. అలాంటి తెలివి కాలేజీలో పదును పెడతారు. కానీ చంక దగ్గర ముడత ఎందుకొస్తోందో కనిపెట్టే తెలివి మిషన్ మీద కూర్చుంటేనే వస్తుంది. నా దగ్గరికి డిజైనింగ్ డిప్లొమాలు చేసినవాళ్ళు పనికి వచ్చారు. బొమ్మలు ముచ్చటగా గీస్తారు. చెయ్యి అతికించమంటే ముందుది వెనక్కి, వెనకది ముందుకి పెట్టినవాళ్ళున్నారు. డిప్లొమా తప్పు కాదు అది, సాధన లేకపోవడం.

గెలుపు, డబ్బు గురించి కూడా ఒకటి. ఆ సీజన్ బహుమతి లక్ష డాలర్లు. చూడటానికి బాగుంటుంది. కానీ మొదటి సీజన్ గెలిచిన జే మెక్‌కారల్, తన బ్రాండ్‌లో పదిశాతం వాటా ప్రోగ్రామ్‌వాళ్ళకి పోయే షరతు ఉందని ఆ డబ్బే వద్దనుకున్నాడు. మీకు ఎవరైనా "మా షోలో పెడతాం, మా పేజీలో పెడతాం" అంటూ కాగితం ఇస్తే పూర్తిగా చదివి సంతకం పెట్టండి. బీకాం చదివారు, నాకంటే మీకే బాగా తెలియాలి. క్రిస్టియన్ మాత్రం నిలబడ్డాడు. 2019 ఆస్కార్‌కి నటుడు బిల్లీ పోర్టర్ వేసుకున్న నల్ల టక్సీడో గౌను (పైన మగవాళ్ళ కోటు, కింద గౌను) అతను చేసిందే. అదే ఏడాది టిమ్ గన్ స్థానంలో అదే ప్రోగ్రామ్‌కి మెంటర్‌గా వెళ్ళాడు.

ఇక మీ రెండు రోజుల జాకెట్. చూడకుండా చెప్పడం కష్టం, కానీ ఏడాది నేర్చుకున్నవాళ్ళకి సాధారణంగా టైమంతా విప్పి కుట్టడంలో పోతుంది. నాకు లైనింగ్ జాకెట్ కటింగ్‌కి అరగంట, మిషన్ మీద రెండున్నర గంటలు, హుక్కులూ చేతికుట్టూ ఇంకో గంట. మీకు ఇది ఇప్పుడే రావాలని లేదు. కొన్ని మాత్రం చేయండి. సూది నంబర్ చూసుకోండి, పట్టుకీ జార్జెట్‌కీ 11, కాటన్‌కి 14, జీన్స్ లాంటి దళసరి గుడ్డకి 16 పైన. 14 పెట్టి పట్టు కుడితే దారం లాగి ముడతలొస్తాయి, మీరు కటింగ్ తప్పనుకుని విప్పుతూ కూర్చుంటారు. లైనింగ్‌నీ పైగుడ్డనీ ముందు పెద్ద కచ్చాకుట్టు వేసి కలపండి, జారదు. ప్రతి డాట్ (ఒంటి వంపు కోసం వేసే మడతకుట్టు) కుట్టగానే ఇస్త్రీ పెట్టండి, చివర్లో ఒకేసారి కాదు. చెయ్యి కత్తిరించేటప్పుడు ముందు వైపు చంక వంపు వెనకవైపు కంటే లోతుగా తీసి, ముందు వైపుకి సుద్దతో గుర్తు పెట్టుకోండి.

అన్నట్టు, గుర్తంటే గుర్తొచ్చింది. ఆ సీజన్‌లో ఎలీసా అనే ఆవిడ సుద్ద బదులు గుడ్డ మీద ఉమ్మితో గుర్తులు పెట్టేది. అది మాత్రం నేర్చుకోకండి తల్లీ.

ఒకే ఆదికి నాలుగు కాటన్ జాకెట్లు కత్తిరించుకుని, రోజుకొకటి చొప్పున గడియారం పెట్టుకుని కుట్టండి. ఎక్కడ ఎంతసేపు పట్టిందో, ఎక్కడ విప్పారో పుస్తకంలో రాయండి. నాలుగింటినీ ఉతికి ఆరేశాక, ఆ ఆది ఎవరిదో వాళ్ళకే తొడిగి, చేతులు పైకెత్తించి చంక దగ్గర ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఎక్కడ లాగుతోందో చూసి చెబుతాను. శ్రావణమాసం వెళ్ళాక పెడితే మంచిది, ఇప్పుడు నా బల్ల మీద అరవై జాకెట్లున్నాయి.